హెచ్‌వీఎల్‌పీ స్ప్రే గన్ సమీక్ష: పెయింట్ పొగ సగానికి తగ్గుతుంది, కంప్రెసర్ సరిపోతేనే

ముందే తీర్పు చెప్పేస్తాం. ప్యానెల్ బోర్డులు, క్యాబినెట్లు, మెషిన్ కవర్లు, ట్రాలీ పక్కపలకలు లాంటి వెడల్పాటి రేకు పనికి హెచ్‌వీఎల్‌పీ గన్ (హై వాల్యూమ్ లో ప్రెషర్, అంటే గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ) కొనదగ్గ వస్తువే. పైన 600 మిల్లీలీటర్ల కప్పు, 1.4 మిల్లీమీటర్ల నాజిల్ ఉండే గ్రావిటీ రకం తీసుకోవాలి. పాత గన్‌తో పోలిస్తే పెయింట్ ఖర్చూ, షెడ్డులో పొగా రెండూ సగానికి దగ్గరగా తగ్గగలవు. కానీ 2 హెచ్‌పీ కంప్రెసరూ, సన్నటి హోసూ అలాగే ఉంచి గన్ ఒక్కటే మారిస్తే ఏమీ తగ్గదు. ఫినిష్ పాడవుతుంది, పెయింటర్ విసిగిపోతాడు, కొత్త గన్ అటకెక్కుతుంది. అందుకే ఇక్కడ గన్ గురించి రాసినదానికంటే దాని వెనకున్న గాలి గురించి రాసింది ఎక్కువ.

ఇది ఒక కంపెనీ సరుకు మీద సమీక్ష కాదు, ఒక రకం గన్ మీద. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్, గాజువాక లాంటి చోట్ల చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు చూస్తే, కోట్ల రూపాయలు పెట్టి పెద్ద పెయింట్ లైన్ వేసుకునే స్తోమత వాటికి ఉండదు. గాలిలోకి పోయే థిన్నర్‌ని తగ్గించడానికి వాళ్ల చేతిలో ఉన్న అతి చవక మార్గం ఇదే. దాన్ని సరిగ్గా వాడుకోవాలన్నదే మా పట్టుదల.

మామూలు గన్‌లో క్యాప్ (గన్ ముక్కు మీద గాలి బయటికొచ్చే మూత) దగ్గర గాలి 40 నుంచి 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో బయటికొచ్చి పెయింట్‌ని చీలుస్తుంది. బొట్లు సన్నగా, అందంగా విడిపోతాయి. కానీ ఆ వేగానికి అవి రేకుకి తగిలి వెనక్కి లేస్తాయి, పక్కలకి ఎగిరిపోతాయి. డబ్బాలోంచి వెళ్లిన ఘనపదార్థంలో మూడో వంతు వస్తువు మీద నిలిస్తే గొప్ప. హెచ్‌వీఎల్‌పీలో క్యాప్ దగ్గర ఒత్తిడి 10 పీఎస్ఐ దాటదు, అంటే 0.7 బార్. ఒత్తిడి తగ్గిన లోటుని గాలి పరిమాణంతో పూడుస్తారు. బొట్టు మెల్లగా వెళ్లి రేకు మీద కూర్చుంటుంది. లాస్ ఏంజెలెస్ ప్రాంతపు గాలిని చూసుకునే సౌత్ కోస్ట్ సంస్థ నిబంధనల్లో ఈ గన్‌కి ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే: క్యాప్ దగ్గర 0.1 నుంచి 10 పీఎస్ఐ. వేరే రకం గన్ వాడాలంటే కనీసం 65 శాతం పెయింట్ వస్తువు మీద పడుతుందని, లేదా హెచ్‌వీఎల్‌పీకి తీసిపోదని చూపాలి. అమెరికా పర్యావరణ సంస్థ 2008 జనవరిలో చిన్న పెయింట్ షాపులకి తెచ్చిన నిబంధన కూడా హెచ్‌వీఎల్‌పీని, లేదా దానికి సమానమైన గన్‌ని తప్పనిసరి చేసింది. క్రోమియం, సీసం, మాంగనీస్, నికెల్, కాడ్మియం ఉన్న పెయింట్లు కొట్టేవాళ్లకి అది వర్తిస్తుంది.

ఈ శాతాలు గాలిలో ఎలా తేలతాయో చిన్న లెక్క చూడండి. వస్తువు మీద 1 కిలో ఎండిన పెయింట్ కావాలి. గన్‌లో పోసే కలుపులో బరువు ప్రకారం సగం ఘనపదార్థం, సగం ద్రావకం. 30 శాతమే నిలిచే గన్‌తో 6.7 కిలోల కలుపు కొట్టాలి, అందులో 3.3 కిలోల ద్రావకం గాలిలో కలుస్తుంది. 65 శాతం నిలిచే గన్‌తో 3.1 కిలోలు చాలు. గాలిలోకి పోయేది 1.5 కిలోలు. తేడా సగానికి పైనే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. వస్తువు మీద పడిన పెయింట్‌లోని ద్రావకం కూడా చివరికి ఆవిరై గాలిలోకే పోతుంది. గన్ ఆపేది ఆవిరిని కాదు, వృథాగా కొట్టే పెయింట్‌ని. తక్కువ పెయింట్ కొడితే తక్కువ ద్రావకం పోతుంది, అంతే. అలాగే షెడ్డు వెనక వాటర్ కర్టెన్ బూత్ ఉంది కదా, పొగ బయటికి పోదు కదా అనుకుంటారు. నీళ్ల తెరైనా, అట్ట ఫిల్టరైనా, ఫైబర్ ప్యాడ్ అయినా పట్టుకునేది రంగు తుంపరని మాత్రమే. టోలీన్, జైలీన్, బ్యూటైల్ ఎసిటేట్ ఆవిరి వాటిలోంచి హాయిగా దాటిపోతుంది. ఆవిరిని పట్టాలంటే యాక్టివేటెడ్ కార్బన్ బెడ్ కావాలి, లేదా కాల్చేసే థర్మల్ ఆక్సిడైజర్ కావాలి. రెండూ చిన్న షెడ్డు మోయగల ఖర్చులు కావు. కాబట్టి ఆవిరి విషయంలో చిన్న షెడ్డు చేయగలిగిందల్లా పెయింటూ థిన్నరూ తక్కువ కొట్టడమే. పోయిన ద్రావకం ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నేలకి దగ్గరగా ఓజోన్ అవుతుంది. మన దేశపు 2009 ప్రమాణంలో దానికి 8 గంటల హద్దు ఘనమీటరుకి 100 మైక్రోగ్రాములు. జైలీన్, టోలీన్ ఈ పనిలో ముందుండే రకాలు.

గాలి చాలుతుందా?

గన్ డబ్బా మీద రాసిన సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) చూడండి. అసలైన హెచ్‌వీఎల్‌పీ గన్ ట్రిగ్గర్ నొక్కినంతసేపూ 12 నుంచి 16 సీఎఫ్ఎం గాలి తాగుతుంది. పిస్టన్ కంప్రెసర్ ఒక హార్స్‌పవర్‌కి దాదాపు 3.5 నుంచి 4 సీఎఫ్ఎం ఇస్తుంది. అంటే 2 హెచ్‌పీ మెషిన్ అటూ ఇటూగా సగమే అందిస్తుంది, 3 హెచ్‌పీ అంచున ఆగిపోతుంది. ఒక్క గన్‌కి 5 హెచ్‌పీ, 200 లీటర్లకి తగ్గని ట్యాంకు కావాలి. అదే లైన్ మీద గ్రైండరో, బ్లో గన్నో నడిస్తే ఇంకా పెద్దది. ఇంకో మెలిక కూడా ఉంది: కంప్రెసర్ నేమ్ ప్లేట్ మీద పెద్దగా రాసే అంకె చాలాసార్లు పిస్టన్ కదలికని బట్టి కట్టిన లెక్క, అంటే పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్. బయటికొచ్చే నిజమైన గాలి, అంటే ఎఫ్ఏడీ, అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువే ఉంటుంది. కొనేటప్పుడు ఎఫ్ఏడీ ఎంతో అడిగి రాయించుకోండి.

గాలి చాలనప్పుడు ఏం జరుగుతుందంటే, మొదటి రెండు పాస్‌లు బాగానే పడతాయి. ట్యాంకు ఒత్తిడి దిగగానే బొట్లు లావవుతాయి, నారింజ తొక్కలా గరుకు వస్తుంది. పెయింటర్ ఏం చేస్తాడు? గాలి పెంచే వీలు లేదు కాబట్టి పెయింట్‌ని పల్చన చేస్తాడు. 20 శాతం థిన్నర్ కాస్తా 40 శాతం అవుతుంది. డబ్బాలో లీటరుకి 450 గ్రాముల ద్రావకం ఉన్న ఎనామెల్ అనుకోండి. థిన్నర్ లీటరు బరువు దాదాపు 870 గ్రాములు. 20 శాతం కలిపితే ప్రతి లీటరు ఎనామెల్‌తో 624 గ్రాములు ఆవిరవుతుంది. 40 శాతం కలిపితే 798 గ్రాములు. అంటే 28 శాతం ఎక్కువ. పైగా పల్చటి పెయింట్ మందం ఇవ్వదు, మూడో కోటు వేయాల్సి వస్తుంది, జారుతుంది కూడా. కొత్త గన్ ఇచ్చిన లాభాన్ని థిన్నర్ క్యాన్ తినేస్తుంది. ఈ గన్‌ల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలాభాగం గన్‌వి కావు, ఈ గొలుసువి.

తర్వాత హోసు. మన షెడ్లలో ఎక్కువగా కనిపించేది 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న హోసు, 10 మీటర్ల పైన పొడవు. 15 సీఎఫ్ఎం గాలి దాంట్లోంచి పోతే దారిలోనే ఒక బారుకి పైగా ఒత్తిడి పడిపోతుంది. గోడ మీద రెగ్యులేటర్ 3 బార్ చూపిస్తుంటుంది, గన్ దగ్గర అంత ఉండదు. 10 మిల్లీమీటర్ల హోసు వేయండి, పొడవు 8 నుంచి 10 మీటర్లకి మించనీయకండి. క్విక్ కప్లింగ్ కూడా హై ఫ్లో రకం ఉండాలి. మామూలు చిన్న కప్లింగ్ రంధ్రం దగ్గరే గాలి గొంతు పట్టుకుంటుంది. హోసు, రెండు కప్లింగ్‌లు మార్చే ఖర్చు గన్ ఖరీదు ముందు చాలా చిన్నది. కానీ మేము చెప్పే మార్పులన్నిటిలో వెంటనే ఫలితం చూపేది ఇదే.

గన్ పిడి కింద చిన్న గేజ్ తప్పకుండా పెట్టుకోవాలి. దాన్ని ట్రిగ్గర్ నొక్కి, గాలి పారుతున్నప్పుడు చదవాలి. ట్రిగ్గర్ వదిలేసినప్పుడు కనిపించే అంకెకి విలువ లేదు. చాలా గన్‌లలో పిడి దగ్గర 2 బార్, అంటే 29 పీఎస్ఐ ఉన్నప్పుడు క్యాప్ దగ్గర 10 పీఎస్ఐ వస్తుంది. కొన్నిటికి అంతకంటే తక్కువే చాలు. మీ గన్‌కి ఎంతో పిడి మీదో, కరపత్రంలోనో రాసి ఉంటుంది. అనుమానం ఉంటే టెస్ట్ క్యాప్ కొనండి: గేజ్ బిగించిన ఎయిర్ క్యాప్ అది, మామూలు క్యాప్ తీసి దీన్ని పెడితే క్యాప్ దగ్గర ఒత్తిడి నేరుగా తెలుస్తుంది. పెయింట్ కొట్టడానికి కాదు, చూడటానికే.

రెగ్యులేటర్ విచ్చలవిడిగా తిప్పి పిడి దగ్గర 4 బార్ ఇస్తే ఇదీ మామూలు గన్ లాగే పొగ చిమ్ముతుంది. ఫినిష్ మెరుగ్గా వచ్చినట్టు అనిపిస్తుంది కాబట్టి పెయింటర్ అలాగే వదిలేస్తాడు. అందుకే రెగ్యులేటర్‌కి తాళం ఉండే రకం కొనమంటాం.

గాలి పొడిగా, నూనె లేకుండా ఉండాలన్నది అన్ని గన్‌లకీ వర్తించేదే. హెచ్‌వీఎల్‌పీలో గాలి ఎక్కువ పారుతుంది కాబట్టి తేమ కూడా ఎక్కువే వస్తుంది. కంప్రెసర్ పక్కనే వాటర్ ట్రాప్ పెడితే లాభం లేదు. గాలి అప్పటికింకా వేడిగా ఉండి నీరు ఆవిరిగానే దాటిపోతుంది. పైపులో కనీసం 7, 8 మీటర్లు నడిచి చల్లారాక ట్రాప్ పెట్టాలి. పైపు వాలు ప్రతి 100 సెంటీమీటర్లకి 1 సెంటీమీటరు, చివర డ్రెయిన్ కాక్, కొమ్మ లైన్లు పైపు పైభాగం నుంచి తీయాలి. వానాకాలంలో ట్యాంకు అడుగు కాక్ రోజుకి రెండుసార్లు తెరవాలి. నూనె దాటితే పెయింట్ మీద చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. ఆ ప్యానెల్ మళ్లీ రుద్ది మళ్లీ కొట్టాలి. తిరిగి కొట్టిన ప్రతి ప్యానెల్ రెండింతల ద్రావకం.

చేతిలో ఎలా పనిచేస్తుంది

పాత గన్ అలవాటైన చేతికి ఇది మందకొడిగా అనిపిస్తుంది. రేకుకి 20, 25 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టే అలవాటు ఉంటుంది. దీన్ని 15 నుంచి 20 సెంటీమీటర్లలో పట్టుకోవాలి. దూరం పెరిగితే మెల్లగా వెళ్లే బొట్టు దారిలోనే ఎండి ఇసుకలా పడుతుంది. చెయ్యి నిదానంగా, రేకుకి సమాంతరంగా కదలాలి, గన్ ముక్కు రేకుకి సూటిగా ఉండాలి. మణికట్టు తిప్పుతూ కొడితే అంచుల దగ్గర దూరం పెరిగిపోతుంది, అక్కడ పెయింట్ అంతా గోడకే. పాస్ మీద పాస్ సగం ఒరుసుకోవాలి. అంచు దాటగానే ట్రిగ్గర్ వదలాలి, తిరిగి వచ్చేటప్పుడు నొక్కాలి. ట్రిగ్గర్ వదలకుండా అటూ ఇటూ ఊపే అలవాటు ఉన్నంతకాలం ఏ గన్ కొన్నా 65 శాతం మాట మరిచిపోవాలి.

చిక్కదనం కొలవడానికి బీ4 కప్పు (అడుగున రంధ్రం ఉండే కొలత కప్పు) వాడండి. ఖరీదైన పరికరం కాదు. 1.4 నాజిల్‌కి ఎనామెల్, పీయూ (పాలీయురెథేన్) టాప్ కోట్ 18 నుంచి 25 సెకన్లలో ఖాళీ అయ్యేలా ఉంటే సరి. ప్రైమర్ సర్ఫేసర్‌కి 1.6 నుంచి 1.8 నాజిల్ పెట్టాలి. జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీ ప్రైమర్‌ని 1.4 నాజిల్‌లో కుక్కి, బయటికి రావట్లేదని థిన్నర్ పోయడం మనదగ్గర నిత్యం జరిగే పొరపాటు. నాజిల్ మార్చాలి, పెయింట్‌ని కాదు.

మే నెలలో ఆటోనగర్ షెడ్డులో రేకు ముట్టుకోలేనంత కాలుతుంటుంది. పెయింట్ రేకు మీద పరుచుకోకముందే ఎండిపోతుంది. అప్పుడు థిన్నర్ ఎక్కువ పోయడం మందు కాదు, నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్‌కి మారాలి. పెయింట్ కంపెనీ దగ్గర వేసవి రకం థిన్నర్ ఉంటుంది, అడగండి. వీలైతే ఉదయం పూట కొట్టండి. లూజుగా అమ్మే థిన్నర్ జోలికి వెళ్లొద్దు. అందులో ఏమేం కలిసాయో డబ్బా చెప్పదు, పీల్చేది మాత్రం పెయింటరే.

మందం విషయంలో కూడా పెయింట్ చాలా పోతుంది. తడి పొర కొలిచే దువ్వెన గేజ్ జేబులో ఉండాలి. పెయింట్‌లో ఘనపదార్థం పరిమాణం ప్రకారం 40 శాతం అనుకుంటే, 20 శాతం థిన్నర్ కలిపాక అది 33కి దిగుతుంది. ఎండాక 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కావాలంటే తడిగా 120 మైక్రాన్లు పడాలి. గేజ్ లేకపోతే కంటికి నిండుగా కనిపించేదాకా కొడతారు, 60, 70 మైక్రాన్లు పడిపోతుంది. పెయింట్ వస్తువు మీదే పడింది కదా అని ఊరుకోకూడదు. కస్టమర్ అడగని ఆ 20, 30 మైక్రాన్ల వెనక ఉన్న ద్రావకం కూడా గాలిలోకే పోయింది.

మీ షెడ్డులో మీ పనికి ఎంత శాతం వస్తోందో కంపెనీ మాట మీద ఆధారపడక్కర్లేదు, మీరే కొలవొచ్చు. ఒక గ్రాము దాకా సరిగ్గా చూపించే తూకం ఉంటే చాలు. మీరు రోజూ కొట్టే ప్యానెల్ సైజు రేకుకి అల్యూమినియం ఫాయిల్ గట్టిగా చుట్టండి. ఫాయిల్ బరువు ముందే రాసుకోండి. పెయింట్ నింపిన గన్‌ని తూచండి. రోజూ కొట్టినట్టే ఒక కోటు కొట్టి, గన్‌ని మళ్లీ తూచండి. ఫాయిల్ పూర్తిగా ఎండాక దాని బరువు చూడండి. ఘనపదార్థం శాతం కోసం అదే కలుపులోంచి ఒక 10 గ్రాములు చిన్న రేకు మూతలో పల్చగా పరిచి, ఆవిరి బయటికి పోయే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి తూచండి. ఉదాహరణకి గన్ 200 గ్రాములు తగ్గింది, ఘనపదార్థం 50 శాతం, ఫాయిల్ 62 గ్రాములు పెరిగింది అనుకోండి: 100 గ్రాములు పంపితే 62 నిలిచినట్టు, అంటే 62 శాతం. ఇదే పరీక్ష పాత గన్‌తో కూడా చేసి పక్కపక్కన పెడితే గన్ కొనాలా వద్దా అన్న చర్చ అక్కడే తెగిపోతుంది.

గ్రిల్, పైపు గేటు, మెష్ లాంటి కంతల పని అయితే అంకె బాగా దిగిపోతుంది. పెయింట్ కంతల్లోంచి పోతుంది కాబట్టి అది గన్ లోపం కాదు. ఫ్యాన్, అంటే గన్ నుంచి విసనకర్రలా విప్పారే తుంపర, వెడల్పు పైపంత సన్నగా చేసుకుంటే కొంత నయం. అంతకంటే కావాలంటే ఎలక్ట్రోస్టాటిక్ గన్. దానిలో 60 నుంచి 90 వేల వోల్టుల ఆవేశంతో పెయింట్ పైపు వెనక్కి కూడా చుట్టుకుంటుంది. ఎర్తింగ్ మాత్రం పక్కాగా ఉండాలి. వేలాడదీసే కొక్కేల మీద పెయింట్ పేరుకుంటే ఎర్త్ తెగిపోయి నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది.

కొనేటప్పుడు

రెండు మూడు వేలకి దొరికే గన్‌లలో చాలావాటి మీద హెచ్‌వీఎల్‌పీ అన్న అక్షరాలు ఉంటాయి. లోపల క్యాప్ మాత్రం మామూలు గన్‌దే ఉండొచ్చు. మూడు ప్రశ్నలు అడగండి: పిడి దగ్గర ఎంత ఒత్తిడి ఇవ్వాలి, ఆ ఒత్తిడిలో ఎంత సీఎఫ్ఎం తాగుతుంది, దానికి టెస్ట్ క్యాప్ దొరుకుతుందా. దుకాణదారు గాని కరపత్రం గాని మూడిటికీ జవాబివ్వకపోతే ఆ పేరుని నమ్మకండి. సీఎఫ్ఎం 4, 5 అని రాసి ఉంటే అది హెచ్‌వీఎల్‌పీ కాదు.

నాజిల్, సూది స్టెయిన్‌లెస్ స్టీల్‌వి ఉండాలి. ఇత్తడి నాజిల్ ప్రైమర్ రాపిడికి త్వరగా అరిగి, 1.4 అనుకున్నది తెలియకుండానే పెద్దదవుతుంది. ముందుముందు నీటి ఆధారిత పెయింట్‌కి మారే ఆలోచన ఉంటే పెయింట్ పారే దారంతా స్టెయిన్‌లెస్ లేదా యానోడైజ్ చేసినదై ఉండాలి, లేకపోతే తుప్పు పడుతుంది. మంచి కంపెనీ గన్‌లకి పదుల వేలు పెట్టాలి. రోజూ నాలుగైదు గంటలు కొట్టే షెడ్డుకి ఆ ధర పెయింట్ మిగులులో తిరిగి వస్తుంది. అప్పుడప్పుడు కొట్టేవాళ్లకి మధ్యరకం చాలు, స్పేర్లు మీ ఊళ్లో దొరికేదైతే.

కంప్రెసర్ మార్చే వీలే లేనివాళ్లకి కూడా దారి ఉంది. తగ్గించిన ఒత్తిడి గన్‌లు, ఆర్‌పీ అనో ఎల్‌వీఎల్‌పీ అనో అమ్ముతారు. ఇవి తక్కువ గాలితో నడుస్తాయి. 8 నుంచి 10 సీఎఫ్ఎం తాగే మోడల్ ఏరుకోండి. మంచి కంపెనీవి 65 శాతం పరీక్షలో నెగ్గినవే. బొట్లు కూడా కాస్త సన్నగా ఉంటాయి. 3 హెచ్‌పీ షెడ్డుకి అర్ధాకలితో నడిచే హెచ్‌వీఎల్‌పీ కంటే ఇదే మేలు.

పాడయ్యేది ఎక్కడ

ఫ్యాన్ ఒకవైపు బరువుగా పడుతుంటే క్యాప్‌ని సగం తిప్పి చూడండి. బరువు కూడా తిరిగితే క్యాప్ కొమ్ము రంధ్రం మూసుకుంది. తిరగకపోతే నాజిల్ దగ్గర లోపం. పెయింట్ తుపుక్ తుపుక్‌మని ఉమ్ముతుంటే నాజిల్ వదులైంది, లేదా సూది ప్యాకింగ్ ఎండిపోయింది, లేదా కప్పు మూతలోని గాలి రంధ్రం పూడింది. క్యాప్ రంధ్రాల్లో ఇనప తీగ పెట్టి పొడవకండి. రంధ్రం ఒక్కసారి సాగితే క్యాప్ పని అయిపోయినట్టే. చెక్క పుల్ల, మెత్తటి బ్రష్ చాలు. రాత్రంతా గన్‌ని థిన్నర్ డబ్బాలో ముంచి ఉంచితే ప్యాకింగ్‌లు ఉబ్బిపోతాయి, గాలి దారుల్లోకి మురికి చేరుతుంది. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్‌తో అల్యూమినియం గన్‌ని అసలు కడగకూడదు. ఆ రెండూ ఒకదానితో ఒకటి చర్య జరుపుతాయి, ప్రమాదం.

కడిగే పద్ధతిలోనూ కాలుష్యం దాగుంది. కప్పులో థిన్నర్ నింపి గాలిలోకి చిమ్మేయడం అన్నిచోట్లా చూసేదే. ప్రతి రంగు మార్పుకీ పావు లీటరు అలా పోతే, రోజుకి నాలుగు మార్పులకి లీటరు. అమెరికా నిబంధన ఇలా బయటికి తుంపరగా చిమ్మడాన్ని నేరుగా నిషేధించింది. కప్పులో కొద్దిగా పోసి ఊపి, గాలి ఆపేసి, ట్రిగ్గర్ నొక్కి మూత ఉన్న డబ్బాలోకి కార్చండి. రెండోసారి శుభ్రమైన థిన్నర్‌తో అలాగే. కార్చినదాన్ని రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగుకి దిగుతుంది, పైది తర్వాతి మొదటి కడుగుకి పనికొస్తుంది. అడుగు బురద, వాడిన ఫిల్టర్లు, వాటర్ కర్టెన్ మడ్డి 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. వాటిని మురుగుకాల్వలోనో చెత్తకుప్పలోనో వేయకూడదు, తగలబెట్టకూడదు. తెలంగాణలో దుండిగల్, ఆంధ్రాలో పరవాడ దగ్గర వీటిని తీసుకునే కేంద్రాలు ఉన్నాయి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ పేరుకున్న ఫిల్టర్లు తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. మార్చిన వెంటనే నీళ్లలో ముంచి, మూత ఉన్న ఇనప డబ్బాలో బయట పెట్టండి.

పొగ తగ్గింది కదా అని మాస్కు మానేయడం మాత్రం అస్సలు కుదరదు. ఇళ్ల పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకి (పది లక్షల్లో 90 వంతులకి) కట్టడి చేసిన 2016 నియమం కార్ఖానా పెయింట్లకి వర్తించదు. పసుపు, నారింజ రంగు ఇండస్ట్రియల్ ఎనామెల్‌లో లెడ్ క్రోమేట్ ఉండొచ్చు. డేటా షీట్ అడిగి చూసి, సీసం లేని రంగు ఎంచుకోండి. రెండు డబ్బాల పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. దానికి వాసన తెలిసేసరికే మోతాదు దాటిపోతుంది, ఒకసారి ఆస్తమా తగులుకుంటే ఆ పెయింటర్ ఆ వృత్తే వదులుకోవాల్సి రావచ్చు. పీయూ కొట్టే చోట బయటి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. బట్ట కట్టుకోవడం రక్షణే కాదు. బూత్‌లో గాలి సెకనుకి దాదాపు అర మీటరు వేగంతో పెయింటర్ వెనక నుంచి ఫిల్టర్ వైపు పోవాలి.

ఎవరు కొనకూడదో కూడా చెప్పాలి. ట్యాంకులు, టిప్పర్ బాడీలు, స్ట్రక్చరల్ స్టీల్ మీద 100 మైక్రాన్ల పైన హై బిల్డ్ ఎపాక్సీ కొట్టేవాళ్లకి ఈ గన్ చాలదు. చిక్కటి పెయింట్‌ని పల్చన చేసి దీంట్లో కొట్టడం కంటే ఎయిర్‌లెస్ లేదా ఎయిర్ అసిస్టెడ్ ఎయిర్‌లెస్ పంపు నయం. ఎయిర్‌లెస్ పంపు ఒత్తిడి 2000 పీఎస్ఐ దాటుతుంది. టిప్ ముందు వేలు పెడితే పెయింట్ చర్మంలోకి దూరిపోతుంది, గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఓవెన్‌లో పట్టే సైజు వస్తువులు, ఒకే రంగు, రోజూ వందల సంఖ్యలో చేసేవాళ్లయితే గన్ మీద డబ్బు పెట్టకుండా పౌడర్ కోటింగ్‌కి వెళ్లిపోవాలి. అందులో ద్రావకమే లేదు, 180 నుంచి 200 డిగ్రీల లోహ ఉష్ణోగ్రత దగ్గర 10 నిమిషాల్లో కరిగి గట్టిపడుతుంది, కింద పడిన పొడిని జల్లించి మళ్లీ వాడొచ్చు. సొంత ఓవెన్ లేకపోయినా జాబ్ వర్క్‌కి చేసేవాళ్లు ప్రతి పారిశ్రామికవాడలో ఉన్నారు.

మిగిలినవాళ్లు, అంటే రోజుకో రంగు, రోజుకో సైజు పని చేసే షెడ్లు, ఈ వరసలో డబ్బు పెట్టండి: ముందు 10 మిల్లీమీటర్ల హోసు, హై ఫ్లో కప్లింగ్‌లు, పిడి గేజ్, బీ4 కప్పు, తర్వాత కంప్రెసర్, చివర గన్. గన్‌తోపాటే నాజిల్, సూది, క్యాప్ మూడూ కలిసిన స్పేర్ సెట్ ఒకటి, ప్యాకింగ్ కిట్ రెండు తీసుకోండి. మూడిటిలో ఒక్కటే మారిస్తే కొత్తదీ పాతదీ సరిగ్గా అతకవు, ఫ్యాన్ కుదరదు, పెయింటర్ మళ్లీ థిన్నర్ క్యాన్ వైపే చూస్తాడు.